ఆటను వినిపించు గొంతు

ఆటను వినిపించువాడు ఆటను మాత్రమే వినిపింపవలెనా, లేక ఆ ఆట జరుగుచున్న దేశమును గూర్చియు, సంఘమును గూర్చియు నాలుగు మాటలు కలుపవచ్చునా? టెలివిజను ఇంటింటికి వచ్చిన పిదప పుట్టిన తగవు ఇది యని పలువురి అభిప్రాయము. మా అభిప్రాయము వేరు. మన దేశమున క్రీడా ప్రసారము ఏనాడు పుట్టెనో, ఈ ప్రశ్నయు ఆనాడే దానితోపాటు పుట్టినది. అన్యభాషల నడుమ తరతరములుగా కాపురముండు మనవంటివారికి దీనితో గల సంబంధమేమో, చరిత్రను కొంత చెప్పిన పిదప విన్నవించెదము.

1934వ సంవత్సరమున బొంబాయి ఎస్ప్లనేడు మైదానమున ఒక క్రికెట్టు పోటీ జరిగెను. ఏ.ఎఫ్.ఎస్. తల్యార్ఖాన్ అను పార్శీ పెద్దమనిషి మైక్రోఫోను ముందు కూర్చుండి ఆ ఆటను రేడియోలో వర్ణించెను. మన దేశమున క్రికెట్టు వ్యాఖ్యానమునకు అదియే ఆరంభమని చెప్పుదురు. అప్పటికి మన రేడియోకు ఆలిండియా రేడియో అను పేరైనను రాలేదు. ఆ పేరు 1936లో పెట్టిరి. తల్యార్ఖాన్ దినమంతయు ఒక్కడే మాటాడెడివాడు. మధ్యాహ్న భోజనమునకు, తేనీటికి ఆటగాండ్రు లోపలికి పోయినప్పుడు తప్ప ఆ గొంతు ఆగెడిది కాదు.

ఆ మొదటి ఆటలో తలపడిన జట్ల పేర్లు పార్శీలు, ముస్లిములు.

పాఠకులు ఇచ్చట ఒక్క క్షణము నిలువవలెను. జట్టుకు ఊరి పేరుగాని, కళాశాల పేరుగాని పెట్టలేదు. మతము పేరు పెట్టిరి. ఎన్ని పరుగులైనవో చెప్పవలెనన్నను, ఎవరి వికెట్టు పడెనో చెప్పవలెనన్నను ఆ పేర్లను ఉచ్చరింపక తప్పదు. హిందువులు తడబడుచున్నారనియు, ముస్లిములు పైచేయి సాధించుచున్నారనియు వ్యాఖ్యాత చెప్పవలసినదే. తాను ఆటను మాత్రమే చెప్పుచున్నానని అతడు నమ్మును. వినుచున్న ఊరు దానిని ఆటగా మాత్రమే వినెనా? వీధిమొగమున రేడియో పెట్టిన దుకాణముకడ గుంపుగూడిన జనము ఆ వాక్యమును ఇంటికి ఏ రూపమున మోసికొనిపోయెను? రాజ్యవ్యవహారము ఒక్క ముక్కయు ఎత్తక, పరుగుల లెక్క మాత్రమే చదువువాడును అక్కడ రాజకీయమునకు దూరముగా నుండలేకపోయెను.

ఈ పోటీల వంశక్రమము పెద్దది. 1892 నుండి బొంబాయి ప్రాంతమున యూరోపియనులకును, పార్శీలకును ఏటేట ఆట జరుగుచుండెను. 1907లో హిందువులు చేరిరి. 1912లో ముస్లిములు చేరగా చతుర్ముఖమైనది. 1937లో ఐదవ జట్టు చేరినది. క్రైస్తవులు మొదలైనవారితో కూర్చిన ఆ జట్టుకు ఏ పేరు పెట్టవలెనో తోచలేదు కాబోలు, 'ఇతరులు' అని పెట్టిరి. విజయ్ హజారే అంతటి ఆటగాడు ఆ 'ఇతరుల'లో ఒకడు. ఈ సంచిక చదువువారికి ఆ మాట కొత్తది కాదు. బడి దరఖాస్తులో మాతృభాష యను గడికెదురుగ కన్నడము, తమిళము, ఒరియా, మరాఠీ అని వరుసగా ముద్రించి, చివర 'ఇతరములు' అని యుండగా, మన పిల్లలు అచ్చట గీత గీయుట మనమెరిగినదే.

తెలుగువాని కథయు ఈ పోటీలలో కలదు. కొఠారి కనకయ్య నాయుడు నాగపురమున స్థిరపడిన తెలుగు కుటుంబమున 1895లో జన్మించెను. 1926 డిసెంబరు 1వ తేదీన బొంబాయి జిమ్ఖానా మైదానమున ఇంగ్లండునుండి వచ్చిన ఎం.సి.సి. జట్టుపై రెండు గంటలలోపుననే 153 పరుగులు చేసి, 11 సిక్సర్లు కొట్టెను. 1932లో లార్డ్స్ మైదానమున భారతదేశపు తొలి టెస్టు జట్టుకు నాయకత్వము వహించెను. నాగపురము ఆయనను తనవాడనును. హోల్కరు సంస్థానమున బహుకాలముండుటచే ఇండోరును తనవాడనును. మనమును మనవాడని చెప్పుకొందుము. కాని ఆ 153 పరుగులు పట్టికలో 'హిందువులు' అను శీర్షిక క్రింద నున్నవి. మనిషికి ఎన్ని పేర్లున్నను, ఏ పేరుతో లోకమునకు చాటవలెనో నిర్ణయించునది ఆటను ఏర్పరచినవాడును, దానిని వినిపించువాడును. మైదానమున బ్యాటు పట్టినవానికి ఆ నిర్ణయములో పాలు లేదు.

అదే హిందూ జట్టులో అంతకుముందు పల్వంకర్ బాలూ యుండెను. చర్మకార కులమున పుట్టినవాడు. ఎడమచేతితో బంతి తిప్పుటయందు మేటి. 1911లో ఇంగ్లండు వెళ్లి వందకు పైగా వికెట్లు తీసినవాడు. పూనాలో ఆడిన కాలమున తోడి ఆటగాండ్రు మైదానములో ఆయన చేతిలోని బంతిని ముట్టుకొనిరి. ఆట ఆగినప్పుడు మాత్రము ఆయనకు టీ విడిదికి వెలుపల, మట్టిపాత్రలో ఇచ్చిరి. ఆయన ప్రతిభకు తగిన నాయకత్వము ఆయనకు దక్కలేదు. ఆయన తమ్ముడు విఠలునకు 1923లో దక్కినది. బాలూ ఆడు దినములలో రేడియో లేదు. ఉండియున్నచో వ్యాఖ్యాత ఏమి చెప్పియుండును? బంతి ఎంత వంకర తిరిగెనో చెప్పి, ఆ బంతి విసరినవాడు టీ ఎక్కడ త్రాగెనో చెప్పకుండుటను నిష్పక్షపాతమందుమా? మేమట్లు అనలేము. ఆ మట్టిపాత్ర బయటినుండి ఎవరో తెచ్చి ఆటమీద రుద్దినది కాదు, ఆటస్థలముననే యున్నది.

ఇక 1937లో కొత్తగా కట్టిన బ్రేబోర్న్ స్టేడియములో తమకు కేటాయించిన ఆసనములు చాలవని హిందూ జిమ్ఖానావారు అలిగి ఆ యేడు పోటీకి రాలేదు. కుర్చీల తగవు! 1940 డిసెంబరులో అంతకంటె గట్టి ప్రశ్న వచ్చినది. ఐరోపాలో యుద్ధము, ఇచ్చట సత్యాగ్రహులు చెరసాలలలో. హిందూ జిమ్ఖానా ప్రతినిధులు వార్ధాకు పోయి గాంధీమహాత్ముని సలహా అడిగిరి. కళాశాలలకు, సంస్థలకు నడుమ పోటీ యన్నచో తనకు అర్థమగుననియు, మతమునకొక జట్టు ఎందుకో తనకు అర్థము కాదనియు, ఈ ఆటలను ఆపవలెనను వారిపట్లనే తన సానుభూతి యనియు ఆయన చెప్పెను. పత్రికలలో వాదములు చెలరేగినవి. ఆ పోటీ 1946లో ముగిసినది. దేశవిభజనకు ఒక్క సంవత్సరము ముందు.

ఆటనుండి రాజకీయమును వేరుచేయవలెనని వాదించువారు ఈ చరిత్రను మరచుచున్నారని మాకు తోచుచున్నది. విజయనగర మహారాజకుమారుడు, కాశీలో నివసించిన 'విజ్జీ'నే చూడుడు. 1936లో ఇంగ్లండు వెళ్లిన జట్టుకు నాయకుడు. ఆ యాత్ర నడుమనుండి లాలా అమర్నాథును ఇంటికి పంపిన కలహమునకు కేంద్రము. తరువాత క్రికెట్టు బోర్డు అధ్యక్షుడు. రేడియో వ్యాఖ్యాత, 1959లో బి.బి.సి. వ్యాఖ్యాతల నడుమ అతిథి. పిదప విశాఖపట్టణమునుండి లోక్‌సభ సభ్యుడు. ఇన్ని కుర్చీలలో కూర్చుండినది ఒకే మనిషి. ఆయన వేటకథలు చెప్పుచుండగా, మీ వ్యాఖ్యానమును ట్రాన్సిస్టరులో పెట్టి అడవిలో వదలినచో పులులు విసుగుతోనే చచ్చియుండునని ఒక విదేశపు ఆటగాడు ఎగతాళి చేసెనని చెప్పుకొందురు. నిజమేమో తెలియదు గాని, వినువారికి విసుగు పుట్టించుటకు రాజకీయమే అక్కరలేదని ఆ కథ చెప్పుచున్నది.

ఈ ప్రశ్నకు ఉత్తమమైన సమాధానమిచ్చిన వ్యాఖ్యాత మా దృష్టిలో ఇంగ్లండుకు చెందిన జాన్ ఆర్లట్. 1948-49 శీతకాలమున ఆయన క్రికెట్టు యాత్రతో దక్షిణాఫ్రికాకు పోయి, నల్లవారికి జరుగుచున్న అవమానములను కన్నులార చూచెను. దేశమును విడుచునప్పుడు నీ జాతి యేమని యడిగిన కాగితముపై 'మానవజాతి' యని వ్రాసెననుట ప్రసిద్ధము. ఆ దేశముతో మనకును సంబంధమున్నది. 1860 నవంబరులో మదరాసునుండి ట్రూరో యను ఓడలో నేటాలుకు చేరిన తొలి కూలీలలో తెలుగువారు పెక్కురు. వారి సంతతివారే 1931లో అచ్చట ఆంధ్ర మహాసభను స్థాపించిరి. ఆ కుటుంబములలో ఎంతటి ఆటగాడు పుట్టినను, చర్మపు రంగు కారణముగా ఆ దేశపు జట్టులో చోటు లేకుండెను.

ఆర్లట్ ఏమి చేసెనో జాగ్రత్తగా గమనింపవలెను. 1950లో ఆయన ఒక రేడియో చర్చా కార్యక్రమమున దక్షిణాఫ్రికా ప్రభుత్వమును నాజీలతో పోల్చెను. దానికి ఫలముగా కొన్నేండ్లు ఆ కార్యక్రమమునకు పిలుపు రాలేదు. ఆ మాటను ఆయన చర్చకై ఏర్పడిన వేదికపై అనెను. క్రికెట్టు వర్ణించుచు, బంతికిని బంతికిని నడుమ దూర్చలేదు. కేప్‌టౌనునుండి బాసిల్ డి ఒలివీరా యను శ్వేతేతర యువకుడు ఉత్తరము వ్రాయగా, 1960లో అతనికి ఇంగ్లండున ఒక క్లబ్బులో చోటు కుదుర్చుటకు పాటుపడెను. అదే డి ఒలివీరా 1968లో ఓవల్ మైదానమున ఇంగ్లండు పక్షమున 158 పరుగులు చేసెను. అతడు తమ దేశమునకు రాగూడదని దక్షిణాఫ్రికా ప్రధాని ఫోర్‌స్టర్ అనగా ఆ యాత్రయే రద్దయినది. 1970లో దక్షిణాఫ్రికా జట్టు ఇంగ్లండుకు రావలసియుండగా, ఆ ఆటలకు తాను వ్యాఖ్యానము చెప్పనని ఆర్లట్ ముందుగనే ప్రకటించెను. మైక్రోఫోను ముందు కూర్చుండి ఆ ప్రభుత్వమును తిట్టవచ్చును. కూర్చుండి నోరు మూసికొని బంతులు లెక్కపెట్టవచ్చును. ఆయన ఆ రెంటిని విడిచి, కుర్చీనే వదలెను. ప్రభుత్వము కోరగా మే నెలలో ఆ యాత్ర రద్దయినది.

అర్ధశతాబ్దము గడచిన తరువాత, 2020 జూలై 8వ తేదీన సౌతాంప్టనులో వానవలన టెస్టు ఆట ఆలస్యమైనది. వెస్టిండీసు పూర్వపు వేగపు బౌలరు మైకేల్ హోల్డింగ్, ఇంగ్లండు పూర్వక్రీడాకారిణి ఎబొనీ రెయిన్‌ఫర్డ్-బ్రెంట్‌తో కూడి టెలివిజనులో జాతివివక్షను గూర్చి మాటాడెను. చరిత్రను బోధించు విధములోనే దోషమున్నదని ఆయన వాదము. మరునాడు మరల మాటాడుచు, తన తల్లిదండ్రులు పడిన బాధ తలపునకు వచ్చి కంట తడిపెట్టెను. లోకమంతట వినిరి. ఇచ్చటను ఆట నడచుచుండలేదు, వాన కురియుచుండెను. బంతి పడిన తరువాత హోల్డింగ్ ఎప్పటివలె బంతిని గూర్చియే చెప్పెను.

ఎదుటివారి వాదములో బలము లేదని మేము చెప్పజాలము. షోలాపురమున మగ్గముకడ దినమంతయు పాటుపడిన మనవాడు సాయంకాలము ఆటను వినగోరును, ఉపన్యాసమును వినగోరడు. అతని చెవి ఆటకై తెరచినది; దానిలో మరియొకటి పోయుట ఒక విధమైన మోసమే. అంతకంటె గట్టి భయము మరొకటి కలదు. మైక్రోఫోను ఎవరి చేతిలోనున్నది? చిరకాలము మన దేశమున అది ప్రభుత్వముచేతనే యున్నది. ఏ మతముపైనగాని, సంఘముపైనగాని దాడి చేయరాదనియు, పేరెత్తి రాజకీయపక్షములను ఖండింపరాదనియు ఆకాశవాణికి నియమావళి కలదు. 1995లో బెంగాలు క్రికెట్టు సంఘపు వ్యాజ్యమున, ఆకాశతరంగములు ప్రజల సొత్తు అని సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. పెట్టుబడిదారుల చానెళ్లును వచ్చినవి. మాటాడ ననుమతించినచో అందరిని అనుమతింతురా, లేక బలముగలవానికి మెచ్చుకోలు చెప్పువానినే అనుమతింతురా? మనవంటి అల్పసంఖ్యాకులు అడుగవలసిన ప్రశ్న ఇది. ఎక్కువమందికి రుచించు సంఘవ్యాఖ్య మన ఇంటిలో చేదుగా వినబడుట మనమెరుగుదుము.

కావున మా తీర్పు సగము దారిలో నున్నది. ఆటలోనికి అన్యాయము తనంత తానే ప్రవేశించినచోట, అనగా జట్టు పేరులోగాని, ఎంపికలోగాని, టీ పాత్రలోగాని కనబడినచోట, దానిని చెప్పకుండువాడు ఆటను సగమే చెప్పుచున్నాడు. చెప్పుటకు ఆట ఆగిన వేళ యున్నది. ఆటకు సంబంధింపని తన ఇష్టానిష్టములను మాత్రము ఇంటికి తీసికొనిపోవలెను. ఈ రెంటి నడుమ గీత ఎల్లప్పుడు స్పష్టముగా నుండదు. ఐనను దానిని గీయుటయే వ్యాఖ్యాత పని.

2018 చివర క్రీడలకై తెలుగు టెలివిజను చానెలు వచ్చిన పిదప బళ్లారిలో, హోసూరులో, బరంపురములో, యానాములో మన ఇండ్లలో క్రికెట్టు తెలుగులో వినబడుచున్నది. మనుమలు ఆ మాటలను పట్టుకొని తాతలకు వినిపించుచున్నారు. మేము సంతోషించితిమి. ఐనను బెంగుళూరునకును, హైదరాబాదునకును పోటీ జరిగిననాడు, 'మీరు ఏ పక్షము?' అని పొరుగింటి పిల్లవాడు మన పిల్లవానిని అడుగును. ఆ ప్రశ్న పిల్లల సరదాయే. అది సరదాగానే నిలుచుటయు, మరొకటిగా మారుటయు ఆ సాయంకాలము పెట్టెలోని గొంతు ఏ మాట వాడెనో దానిని బట్టి కొంత యుండును.

తల్యార్ఖాన్ సంగతి ముగింపవలసియున్నది. 1948-49లో వెస్టిండీసు జట్టు మన దేశమునకు వచ్చినపుడు, ముగ్గురు వ్యాఖ్యాతలు వంతులవారీగా చెప్పవలెనని రేడియోవారు నిశ్చయించిరి. మైక్రోఫోనును పంచుకొనుటకు ఆయన సమ్మతింపక వెడలిపోయెను. 1972-73లో ఇంగ్లండు జట్టు వచ్చినపుడు తిరిగి రేడియోకు వచ్చెను. ఈసారి ఆట ముగిసిన తరువాత, ఆ దినపు సంగతులను సంగ్రహముగా చెప్పుటకు.