పల్నాటి కొండ, అడవి రోడ్లపై సైకిలు

పల్నాడు జిల్లాలో జనం చూడబోయే చోట్లకు తీసుకెళ్లే రోడ్లు ముఖ్యంగా మూడు. నరసరావుపేట దగ్గరి కోటప్పకొండ ఘాట్ రోడ్డు ఒకటి. మాచర్ల నుంచి ఎత్తిపోతల మీదుగా నాగార్జునసాగర్ చేరేది రెండోది. మాచర్ల నుంచే దక్షిణానికి, ఎర్రగొండపాలెం, దోర్నాల మీదుగా శ్రీశైలం పోయే నల్లమల దారి మూడోది. వీటిపై సైకిలు తొక్కుకుంటూ పోవచ్చా, పోతే ఎంతవరకు, ఏ వేళలో అన్నది ఈ వ్యాస విషయం. మూడూ తారు రోడ్లే అయినా ఒకటి గుడి దారి, ఒకటి జాతీయ రహదారి, ఒకటి పులుల అడవిని చీల్చుకుపోయే దారి. అందుకే సైకిలుకు ఒక్కోచోట ఒక్కో మర్యాద దక్కుతుంది.

చట్టంలో సైకిలు స్థానం

1988 నాటి మోటారు వాహనాల చట్టం లెక్కలో సైకిలు మోటారు వాహనం కాదు. రిజిస్ట్రేషను, లైసెన్సు, బీమా ఏవీ అక్కర్లేదు. పావు కిలోవాటు లోపు మోటారుతో, గంటకు 25 కి.మీ. దాటకుండా నడిచే బ్యాటరీ సైకిలుకూ ఈ మినహాయింపు ఉంది. ఒకప్పుడు సంగతి వేరు. పంచాయతీలు, మునిసిపాలిటీలు ఏటా సైకిలు పన్ను కట్టించుకుని రేకు బిళ్ల ఇచ్చేవి. బిళ్ల లేకపోయినా, రాత్రిపూట లైటు లేకపోయినా, డబుల్స్ తొక్కినా జరిమానా పడేది. ఆ బిళ్లలతో పాటు సైకిలుకు ఉన్న కాస్త ప్రభుత్వ గుర్తింపూ పోయింది. ఈరోజు ఏ గేటు దగ్గరి ధరల పట్టీ చూసినా బస్సు, కారు, ఆటో, మోటారు సైకిలు వరసగా ఉంటాయి, సైకిలు ఆ వరసలో అరుదుగా కనిపిస్తుంది. దాన్ని పంపాలో ఆపాలో తేల్చేది చాలాసార్లు గేటు దగ్గర నిలబడ్డ మనిషే.

అడవి విషయంలో మాత్రం చట్టం స్పష్టంగా ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలో అడుగుపెట్టగలిగేది కొందరే. డ్యూటీ మీద ఉన్న ఉద్యోగి, అనుమతి పత్రం ఉన్నవాడు, లోపల స్థిరాస్తి ఉన్నవాడు, ప్రజా రహదారి మీదుగా దాటిపోయేవాడు, మొదటి ముగ్గురి మీద ఆధారపడిన కుటుంబీకులు. సైకిలు మీద వెళ్లేవాడు నాలుగో కోవకు వస్తాడు. రోడ్డు మీద ఉన్నంతసేపే అతనికి దారి హక్కు. పక్కన కనబడ్డ కాలిబాటలోకి చక్రం తిప్పితే అనుమతి లేకుండా అడవిలోకి చొరబడ్డవాడి కిందే లెక్క.

కోటప్పకొండ ఘాట్ రోడ్డు

త్రికూటాచలం మీద త్రికోటేశ్వరుడి గుడికి పూర్వం మెట్లదారే గతి. 1990ల చివర్లో అప్పటి నరసరావుపేట ఎమ్మెల్యే కోడెల శివప్రసాదరావు పూనికతో ఘాట్ రోడ్డు పడింది. దారి వెంట తోటలు, పిల్లల పార్కు, పెద్ద పెద్ద విగ్రహాలు రావడంతో గుడికి పోయే రోడ్డే విహారానికీ రోడ్డయింది. జిల్లాలో సరదాకి సైకిలు తొక్కేవారికి ఇంత దగ్గర్లో ఉన్న అసలైన ఎత్తు ఇదే.

కొండ రోడ్లను సాధారణంగా నూటికి 5, 6 వంతుల వాలులో వేస్తారు. నూటికి అయిదంటే వంద మీటర్లు పైకెక్కడానికి రెండు కిలోమీటర్లు తొక్కాలి. గేరు సైకిలు ఉన్నవాడికి ఇది చెమట పట్టించే వ్యాయామం. పాల క్యాన్లు మోసే పాత ఇనప సైకిలు వాడు మొదటి మలుపు దాటగానే దిగి నడిపించుకుంటాడు, అందులో నామోషీ ఏమీ లేదు. అసలు పరీక్ష దిగేటప్పుడే. నూటికి ఆరు వాలులో పెడలు ముట్టుకోకపోయినా సైకిలు సుమారు 35 కి.మీ. వేగం అందుకుంటుంది. పాత సైకిలుకు ఉండేవి రాడ్ బ్రేకులు. పిడి నొక్కితే రాడ్డు లాగుతుంది, రబ్బరు ముక్కలు రిమ్ముకు రాసుకుంటాయి. ఎడతెగకుండా నొక్కి పట్టుకుంటే రిమ్ము వేడెక్కుతుంది, కాలిన రబ్బరు వాసన వస్తుంది, చివరికి పిడి ఎంత బిగించినా పట్టు దొరకదు. తెలిసినవాళ్లు నొక్కి వదులుతూ, వెనక బ్రేకును ముందు వాడుతూ, మలుపు రాకముందే వేగం తగ్గించుకుంటారు. ఘాట్ రోడ్లపై సైకిళ్లను ఆపాలని వాదించేవారి దగ్గర ఉన్న బలమైన కారణం ఇదొక్కటే. అది కూడా సైకిలును కాదు, బ్రేకును చూడమని చెప్పే కారణం.

కోటప్పకొండ మీద కాకి వాలదని ప్రతీతి. కోతులకు మాత్రం అలాంటి కట్టుబాటేమీ లేదు. హ్యాండిల్‌కు కొబ్బరికాయ, అరటిపళ్ల సంచీ తగిలించుకుని నెమ్మదిగా ఎక్కే సైకిలు వాటికి పిలిచి పెట్టిన విందు. సామాను వెనక క్యారేజీకి గట్టిగా కట్టుకోవాలి, పళ్లయితే పైకి కనపడకుండా ఉండాలి.

ఎత్తిపోతల, సాగర్ దారి

నకిరేకల్లు నుంచి నాగార్జునసాగర్, మాచర్ల మీదుగా ఏర్పేడు పోయే 565వ జాతీయ రహదారిలో ఈ భాగం ఉంది. సైకిలుకు అడ్డేమీ లేదు, సుఖమూ లేదు. సిమెంటు, నాపరాయి లారీలు పక్కనుంచి దూసుకుపోతే ఆ గాలికి హ్యాండిల్ ఊగుతుంది. చంద్రవంక వాగు సుమారు 70 అడుగుల ఎత్తునుంచి దూకే ఎత్తిపోతల దగ్గర పెద్ద రోడ్డు వదిలాక గాని ఊపిరి తీసుకోలేం. జలపాతం కింది మడుగులో మొసళ్ల పెంపకం ఉంది కాబట్టి సైకిలైనా కారైనా ప్రయాణం పైనున్న వ్యూ పాయింటు దగ్గర ఆగాల్సిందే. సాగర్ డ్యామ్ మీది రోడ్డు మామూలు రాకపోకలకు లేదు. కృష్ణ దాటాలంటే దిగువన ఉన్న వంతెనే దారి.

అడవి వేళలు

నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో గుంటూరు, ప్రకాశం, కర్నూలు, నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పరచుకున్న ఈ అడవిలో కృష్ణకు ఉత్తరాన ఉన్న భాగం విభజన తర్వాత తెలంగాణలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం అయింది. మూడో దారిలోని దోర్నాల–శ్రీశైలం రోడ్డును రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారు. అవతలి ఒడ్డున మన్ననూరు దగ్గరా ఇదే ఏర్పాటు. ఇది సైకిలు కోసం పెట్టిన ఆంక్ష కాదు, రోడ్డు దాటే జంతువులు బండ్ల కింద పడకుండా పెట్టింది.

చిక్కంతా ఎండతో వస్తుంది. ఎండలకు పేరుమోసిన రెంటచింతల గురజాల డివిజన్‌లోదే. మార్చి దాటాక ఈ సీమలో పొద్దున పది గంటలు దాటాక సైకిలు తొక్కడం సాహసం కిందికి రాదు, తెలివితక్కువతనం కిందికే వస్తుంది. సైకిలుకు పనికొచ్చేవి తెల్లవారుజాము, సందెవేళ. చిరుతకు, ఎలుగుబంటికి కూడా అవే వేళలు. ఊళ్లో సైకిలుకు గుణమనుకునే నిశ్శబ్దం ఇక్కడ దోషమవుతుంది. కారు చప్పుడు విని తప్పుకునే ఎలుగు, చప్పుడు లేకుండా మలుపు తిరిగి మీదికొచ్చిన సైకిలును చూసి బెదిరి తిరగబడుతుంది. అడవి రోడ్డులో సైకిలు బెల్లు అలంకారం కాదు. నలుగురైదుగురు కలిసి, మాట్లాడుకుంటూ, బాగా పొద్దెక్కాక బయల్దేరడం మేలు. అందుకు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం.

ఇతర చోట్ల

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ కేవలాదేవ్ జాతీయ ఉద్యానంలో గేటు దగ్గరే సైకిళ్లు అద్దెకిస్తారు. మోటారు బండ్లు కొంతదూరం పోయి ఆగిపోతాయి, పక్షుల చెరువుల మధ్య దారి సైకిళ్లకు, రిక్షాలకు, నడిచేవారికి మిగులుతుంది. అక్కడ పులి లేదన్నది మరవకూడదు. అమెరికాలో గ్రేట్ స్మోకీ పర్వతాల ఉద్యానంలోని కేడ్స్ కోవ్ అనే 11 మైళ్ల చుట్టుదారిలో వేసవి బుధవారాల్లో మోటారు బండ్లను ఆపి సైకిళ్లకు వదులుతారు. అదే దేశంలోని గ్లేసియర్ ఉద్యానంలో పద్ధతి తిరగబడుతుంది. వేసవి రద్దీలో పగటిపూట కొన్ని గంటలు ఘాట్ రోడ్డు కొన్ని భాగాల్లో సైకిళ్లను రానివ్వని నిబంధన అక్కడ చాలా ఏళ్లు నడిచింది. హైదరాబాద్ అవుటర్ రింగు రోడ్డు పక్కన 2023 అక్టోబరు 1న ప్రారంభమైన 23 కి.మీ. సోలార్ కప్పు ట్రాకు మరో మార్గం. ఎవరి వేళ వాళ్లకు పంచకుండా, ఎవరి రోడ్డు వాళ్లకు వేరే వేయడం. కొండ మీద, అడవిలో రెండో రోడ్డు వేయాలంటే మళ్లీ చెట్లే కొట్టాలి కనుక పల్నాటికి వేళలు పంచే మొదటి పద్ధతే పొసగుతుంది.

ఆ పద్ధతి కోటప్పకొండకు కొత్తదేమీ కాదు. శివరాత్రి తిరునాళ్లకు చుట్టుపక్కల ఊళ్ల నుంచి ప్రభలు, అంటే ఎత్తుగా కట్టిన అలంకార చట్రాలు, కదులుతాయి. బండ్లను దూరంగానే ఆపేస్తారు, ప్రభకు తగలకుండా దారిలో కరెంటు తీగలు తప్పిస్తారు. ఆ రాత్రి సైకిలు మీద వచ్చినవాడు కూడా దాన్ని ఎక్కడో తెలిసినవాళ్ల కొట్టు దగ్గర తాళం వేసి, జనంతో కలిసి నడవాల్సిందే.