మెత్తని లోహం

జాన్ స్టైన్‌బెక్ 1939లో వెలువరించిన 'ది గ్రేప్స్ ఆఫ్ రాత్' నవల చదివినవారికి రోడ్డు దాటే తాబేలూ, ట్రాక్టరు తాకిడికి కూలే ఇల్లూ, గుండె పిండే ఆ చివరి దృశ్యమూ గుర్తుండిపోతాయి. నన్ను మాత్రం వాటితో సమానంగా పట్టి ఉంచింది పదహారో అధ్యాయం. అందులో జరిగేది చాలా చిన్న సంగతి. కాలిఫోర్నియాకు వలసపోతున్న జోడ్ కుటుంబంతో కలిసి ప్రయాణిస్తున్న విల్సన్ దంపతుల పాత డాడ్జి కారులో ఒక బేరింగు పోతుంది. టామ్, ఆల్ అనే అన్నదమ్ములు పాత సామాన్ల అంగడికి వెళ్ళి, అదే రకం కారునుండి కనెక్టింగ్ రాడ్ విప్పి తెచ్చి బిగిస్తారు. అంతే కథ. కాని ఆ బేరింగు చుట్టూ ఒక కాలపు చరిత్ర తిరుగుతున్నదని నాకు అనిపిస్తుంది. ఈ టపా దాని గురించే.

ముందుగా ఆ లోహం సంగతి చెప్పుకోవాలి. కంసాలి పని నేర్చిన ఐజాక్ బాబిట్ అనే అమెరికా దేశస్థుడు 1839లో ఒక మిశ్రలోహానికి రూపమిచ్చాడు. తగరం పాలు ఎక్కువగా, కొద్దిగా అంటిమొనీ, మరికొద్దిగా రాగి కలిపినది అది. దానికి ఆయన పేరే స్థిరపడింది. మన వర్క్‌షాపులలో వైట్ మెటల్ అనేది దీనినే. తిరిగే ఉక్కు కడ్డీకి ఆధారంగా అంతకంటె గట్టి లోహాన్ని పెట్టాలని ఎవరికైనా తోస్తుంది. బాబిట్ మార్గం దానికి విరుద్ధం. ఆయన మెత్తని దానిని పెట్టాడు. ఆ మెత్తదనంలో కలిసి ఉన్న గట్టి రేణువులు బరువు మోస్తాయి. చుట్టూ ఉన్న మెత్తని తగరం నూనెలో కొట్టుకొచ్చిన ఇసుక రేణువును తనలో దిగవేసుకుని, క్రాంక్ షాఫ్టుకు గీత పడకుండా కాపాడుతుంది. నూనె ఇంకిపోయిననాడు, 240 డిగ్రీల సెంటీగ్రేడు దాటితే చాలు, తాను కరగనారంభిస్తుంది. ఖరీదైన షాఫ్టు చాలాసార్లు బతికి బయటపడుతుంది. ఇంకొకరి కోసం అరిగిపోవడమే దాని ధర్మం.

యుద్ధానికి పూర్వపు కార్లలో ఎక్కువవాటికి ఈ లోహాన్ని కరిగించి నేరుగా రాడ్డులోనే పోత పోసేవారు. 1908 నుండి 1927 వరకు కోటిన్నరకు పైగా తయారైన ఫోర్డు మోడల్ టీ కారును తీసుకుందాం. దానికి నూనె పంపు లేదు. ఫ్లైవీలు తిరుగుతూ నూనెను ఎగజల్లితే, ఒక గొట్టం కొంత నూనెను పట్టి ముందు భాగానికి చేరవేసేది. అడుగున ఉన్న తొట్లలో రాడ్లు మునిగి లేచేవి. నిట్టనిలువు మెట్ట ఎక్కేటప్పుడు నూనె వెనక్కు జారి, ముందున్న మొదటి సిలిండరుకు కరువు వచ్చేది. నూనె ఎంత ఉందో తెలిపే ముల్లు కూడా లేదు. బండి కిందికి దూరి, వెనకనున్న రెండు చిన్న కుళాయిలు తిప్పి చూడాలి. పై కుళాయినుండి కారితే దిగులు లేదు. కింది దానినుండి కూడా రాకపోతే బండి కదపకూడదు.

బేరింగు అరిగిందని చెవి చెప్పాలి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు వినబడి, వేడెక్కాక తగ్గితే అది సాధారణంగా పిస్టను చప్పుడు. వేడెక్కినకొద్దీ పెరుగుతూ, వేగం తగ్గించిన క్షణంలో టకటక జంటగా కొడితే రాడ్డు మీద అనుమానం. మరి నాలుగింటిలో ఏది? మోడల్ టీ కారులో నాలుగు సిలిండర్లకు నాలుగు కంపించే కాయిళ్ళు చెక్కపెట్టెలో ఉంటాయి. పెట్టె మూత తీసి, ఒక్కొక్క కాయిలు పైనున్న కదిలే రేకును వేలితో నొక్కి పట్టుకుంటే ఆ సిలిండరు పని ఆగుతుంది. దేనిని ఆపినప్పుడు చప్పుడు మెత్తబడిందో దోషి అదే. నాడి పట్టే వైద్యుడికీ వీరికీ నాకు పెద్ద తేడా కనిపించదు.

వైద్యం కూడా ఇంటిపట్టునే జరిగేది. ఇంజను అడుగు పలక విప్పి, రాడ్డుకూ దాని కింది టోపీకీ మధ్యనున్న కాగితంలాంటి ఇత్తడి రేకులలో ఒకటి తీసివేసి మళ్ళీ బిగిస్తే, పెరిగిన ఖాళీ తగ్గిపోతుంది. ఆ ఖాళీ అంగుళంలో వేయోవంతులు ఒకటి రెండుకు మించకూడదు. షాఫ్టుకు నీలిరంగు పూసి తిప్పి, రంగు అంటిన మిట్టలను గీకుడు కత్తితో సవరించేవారు. లోహం పూర్తిగా పోతే రాడ్డును శుభ్రం చేసి, తగరం పూత పట్టించి, కొత్తగా పోత పోసి తొలచాలి. అది దారిపక్కన అయ్యే పని కాదు. ఆ అవకాశం లేనివారు తోలు బెల్టు ముక్కనో, ఎండిన పందితోలునో రాడ్డులో దోపి ఇల్లు చేరారని అక్కడ కథలుగా చెప్పుకుంటారు.

తిరిగి నవలకు వస్తాను. బేరింగు పోగానే, తాను వెనక ఉండి బాగుచేస్తానని, మిగిలినవారు ట్రక్కులో ముందుకు సాగాలని టామ్ అంటాడు. లెక్క ప్రకారం అది మంచి ఆలోచనే. కాని తల్లి జాకీ కడ్డీ చేతబట్టి ఎదురు నిలుస్తుంది. భూమి పోయింది, ఇల్లు పోయింది, ముసలాయన దారిలో పోయాడు. మిగిలినది మనుషులు కలిసి ఉండడం ఒక్కటే. దానిని విడగొట్టనివ్వనంటుంది. అరచేతిలో ఇమిడే మెత్తని లోహపు ముక్క ఒక కుటుంబం నిలుస్తుందా చీలుతుందా అన్నంతవరకు తెచ్చింది. ఆ కుటుంబానికి మరమ్మత్తు తెలిసి ఉండడం సరదా విద్య కాదు. చేతిలో మిగిలిన చివరి ఆస్తి.

పాతదంతా బంగారమని నేను అనడం లేదు. ఇదే లోహంతో మోడల్ టీ వెనక ఇరుసులో ఒరిపిడి బిళ్ళలు వేశారు. అవి ఏళ్ళు గడిచి పొడి అయితే, పళ్ళచక్రాలు ఒకదానినొకటి వదిలేస్తాయి. కాలి బ్రేకు ఇంజను వెనకనున్న గేరు డబ్బామీద పనిచేసేది కనుక, ఆ క్షణాన చోదన శక్తితోపాటు కాలి బ్రేకు కూడా పోతుంది. అందుకే ఇప్పుడు ఆ కార్లను ఉద్ధరించేవారు మొదట ఆ బిళ్ళలు తీసి కంచు బిళ్ళలు వేస్తారు. గౌరవించడమంటే ఉన్నది ఉన్నట్టు దాచడం కాదని వారికి తెలుసు.

1930లలో సన్నని రేకు బేరింగులు వచ్చాయి. అరిగితే తీసి పారవేసి కొత్తవి వేయడమే. పోత పోసే పద్ధతి షెవ్రొలే ఇంజన్లలో 1950ల తొలినాళ్ళ దాకా నిలిచి, తరువాత కనుమరుగైంది. కొత్తవి మేలైనవే, బలమైనవే. కాని యంత్రం బలపడినకొద్దీ యజమాని చెవి మొద్దుబారింది. చప్పుడు విని భాగం పేరు చెప్పగలిగిన రైతు స్థానంలో, దీపం వెలిగితే భయపడే మనం వచ్చాము.

ఇంజనీరింగు గ్రంథాలు బేరింగు కొలతలను భద్రపరిచాయి. ఆ కొలత తప్పిననాడు మనుషులకు ఏమవుతుందో భద్రపరచడానికి మాత్రం ఒక నవల కావలసి వచ్చింది. మన సాహిత్యంలో మగ్గమూ నాగలీ ఇంత శ్రద్ధగా విప్పి బిగించిన పుటలు మీకు తారసపడితే చెప్పండి, వెతికి చదువుతాను.