పంపే అధికారం, ఎన్నుకునే సభ: తెలంగాణ మెథడిస్టు పాలనా సంప్రదాయం

మధిరలో కాజీపేట వైపు రైలెక్కితే ఖమ్మం దాటాక డోర్నకల్ జంక్షన్ వస్తుంది. ఖమ్మం ప్రాంతపు చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్‌ఐ) సంఘాలకు డయాసిస్ కేంద్రం అదే, పుట్టుకతో ఆంగ్లికన్. సికింద్రాబాదు దాటి ఉత్తరాన ఉన్న మెదక్ డయాసిస్ వెస్లియన్ మెథడిస్టు మిషన్ ఫలం. 1947 నుంచి రెంటికీ నిబంధనావళి ఒకటే. బిషప్పులే లేని బ్రిటిష్ మెథడిస్టులు బిషప్పుల సంఘంలో కలిశాక తమ పాలనా పద్ధతిలో ఏది నిలుపుకున్నారన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

ఆ పద్ధతి మూలం ఒక అప్పులో ఉంది. 1742లో బ్రిస్టల్ ప్రార్థనా మందిరం అప్పు తీర్చడానికి సభ్యులను పన్నెండుగురేసి జట్లుగా విడదీశారు. జట్టు నాయకుడు వారానికో పెన్నీ చొప్పున వసూలు చేయాలి. ఇంటింటికీ తిరుగుతున్నాడు కాబట్టి మంచిచెడ్డలూ కనుక్కోవడం మొదలుపెట్టాడు. చందా వసూలు అలా కాపరి పని అయింది. తెలుగు పల్లెల్లో ఉపదేశి చేసిందీ దాదాపు ఇదే.

డబ్బు విశ్వాసులది, నిర్ణయం మాత్రం బోధకులది. 1784లో మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు జాన్ వెస్లీ 100 మంది బోధకుల పేర్లు రాసి, వారి సభ అయిన కాన్ఫరెన్సుకు చట్టబద్ధత కల్పించాడు. అందులో సామాన్య విశ్వాసికి చోటు దక్కడానికి 1878 దాకా పట్టింది. ఆలస్యమైన న్యాయమే అది. అదే 1784లో బాల్టిమోర్‌లో అమెరికా మెథడిస్టులు బిషప్పులతో కూడిన వేరే వ్యవస్థ కట్టుకున్నారు.

ఈ రెండు పాయలూ తెలంగాణకు చేరాయి. అమెరికా పాయ నేటి మెథడిస్టు చర్చ్ ఇన్ ఇండియా, 1981లో స్వతంత్రమైంది. నాలుగేళ్లకోసారి కూడే జనరల్ కాన్ఫరెన్సే బిషప్పులను ఎన్నుకుంటుంది. దాని కింద ప్రాంతీయ కాన్ఫరెన్సులు, జిల్లాలు, పాస్టరేట్లు. జిల్లా సూపరింటెండెంట్లతో సంప్రదించి పాస్టర్లను నియమించేది బిషప్పే. తమ అయ్యగారు ఎవరో సంఘం ఎంచుకోదు, వచ్చినవారిని చేర్చుకుంటుంది.

బ్రిటిష్ పాయ కథ డోర్నకల్‌తో ముడిపడింది. 1912లో డోర్నకల్‌కు బిషప్పై, భారతీయులలో తొలి ఆంగ్లికన్ బిషప్ అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య, 1919లో తరంగంబాడిలో సంఘాల ఐక్యతా చర్చలకు నాంది పలికారు. ఆ చర్చల్లో వెస్లియన్లు 1925లో చేరారు. అజరయ్య 1945 జనవరి 1న కన్నుమూశారు. సీఎస్‌ఐగా ఐక్యత 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో జరిగింది. ఆనాడే మెథడిస్టు అయిన ఫ్రాంక్ విటేకర్ మెదక్‌కు బిషప్ అయ్యారు.

బిషప్ పదవి వచ్చినా సభ చేజారలేదన్నది నా నిర్ధారణ. పాస్టరేట్ కమిటీ నుంచి డయాసిసన్ కౌన్సిల్, సినడ్ దాకా గురువుల పక్కనే విశ్వాసుల ప్రతినిధులు కూర్చుంటారు. బిషప్ పదవికి కౌన్సిల్ ఎన్నుకున్న పేర్లలోంచే సినడ్ తరఫువారు ఒకరిని ఖరారు చేస్తారు. దీన్ని మెథడిస్టులొక్కరి ఘనతగా చెప్పకూడదు. ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంప్రదాయాలూ ఇదే కోరాయి. ఆంగ్లికన్ అజరయ్య కూడా గ్రామ సంఘాలను స్థానిక నాయకత్వంతోనే నిలబెట్టారు.

ఈ సభల సామాజిక అర్థం ఇంకా పెద్దది. సంఘాల్లో అధికులు మాల, మాదిగ కుటుంబాలవారు. నిజాం రాజ్యంలోని పల్లెకు సార్వత్రిక ఓటు 1951–52 ఎన్నికలతోనే అందింది. ఊరి రచ్చబండ దగ్గర కూర్చోనివ్వని మనిషికి సంఘ పెద్దగా లెక్క అడిగే హక్కు దొరకడం చిన్న విషయం కాదు. పాస్టర్లను బదిలీ చేసే అధికారం పైన, లెక్క అడిగే హక్కు కింద ఉన్నంతకాలం ఈ వ్యవస్థ సమతూకంగా ఉంటుంది; లెక్క ఆగిన చోట బదిలీ శిక్షగా మారే ప్రమాదం ఉంది.

పరిశోధకులు మెదక్ గుడి గోపురాన్నీ డోర్నకల్ కేథడ్రల్‌నూ చాలాసార్లు వర్ణించారు. ఇక పాస్టరేట్ కమిటీల మినిట్స్ పుస్తకాలు చదవాలి. మధిర చుట్టుపక్కల సంఘాల బీరువాల్లో అవి ఉంటే, చెదలు పట్టకముందే నకళ్లు తీయించమని సంఘ పెద్దలకు నా మనవి.