తమలపాకు తైలం: రసాయన కూర్పు, యాంటీఆక్సిడెంట్ గుణం

తమలపాకు ఘాటుకు, సువాసనకు మూలం అందులోని సుగంధ తైలం. మిరియాల కుటుంబానికి చెందిన ఈ తీగ శాస్త్రీయ నామం పైపర్ బీటిల్. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ ఐఐటీ వ్యవసాయ, ఆహార ఇంజినీరింగ్ విభాగంలో ఆచార్య ప్రశాంత గుహ ఈ తైలంపై పరిశోధనలు చేశారు. అమ్ముడుపోని ఆకును ఆదాయంగా మార్చడం వాటి ప్రధాన ఉద్దేశం.

నేపథ్యం

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఉద్యోగాల కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు ఖరగ్‌పూర్‌లో స్థిరపడ్డాయి. ఇక్కడి హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలోనే 1951లో తొలి ఐఐటీ ప్రారంభమైంది. పొరుగున ఉన్న తూర్పు మేదినీపూర్ జిల్లా తమలపాకు సాగుకు పేరొందింది. ఆంధ్రప్రదేశ్‌లో తీగను అవిసె చెట్లకు పాకిస్తే, బెంగాల్‌లో వెదురు, జనపనార పుల్లలతో కట్టిన ‘బొరోజ్’ అనే నీడ పందిళ్లలో పెంచుతారు. కోసిన ఆకు త్వరగా వాడిపోతుంది. దిగుబడి పెరిగి ధర పడిపోయిన రోజుల్లో ఎంతో సరకు వృథా అవుతుంది.

తైలం తీసే విధానం

ఆకులను నీటితో మరిగించి, ఆవిరితో పాటు వెలువడే తైలాన్ని చల్లార్చి వేరుచేస్తారు. ప్రయోగశాలల్లో ఇందుకు 1928 నాటి క్లెవెంజర్ పరికరం నమూనాను వాడతారు. గుహ 2006లో ప్రచురించిన వ్యాసం ప్రకారం, పొడి బరువులో మీఠా రకంలో 2 శాతం, బంగ్లాలో 1.7 శాతం, సాంచీలో 0.8 శాతం తైలం ఉంటుంది. పచ్చి ఆకులో 85 శాతానికి పైగా నీరే కనుక, వంద కిలోల మీఠా ఆకు నుంచి దక్కేది గరిష్ఠంగా 300 గ్రాములే.

రసాయన కూర్పు

తైలంలోని సమ్మేళనాలను గ్యాస్ క్రోమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ పద్ధతులతో గుర్తిస్తారు. రకాన్ని బట్టి కూర్పు మారుతుంది. బంగ్లాలో యూజినాల్, మీఠాలో అనెథోల్, దేశావరీలో సాఫ్రోల్ ప్రధానంగా కనిపిస్తాయి. లవంగానికి ఘాటు ఇచ్చేదీ యూజినాలే. చావికాల్, చావిబెటాల్, కారియోఫిల్లీన్ కూడా ఈ తైలంలో ఉంటాయి.

యాంటీఆక్సిడెంట్ గుణం

యూజినాల్, చావిబెటాల్ వంటి ఫినాల్ సమ్మేళనాలు తమ హైడ్రోజన్ పరమాణువును అస్థిర ఫ్రీ ర్యాడికల్స్‌కు అందించి వాటిని శాంతింపజేస్తాయి. దీన్ని కొలవడానికి డీపీపీహెచ్ పరీక్ష చేస్తారు. ఊదా రంగు ద్రావణం పసుపు వర్ణంలోకి ఎంతగా మారితే తైలం అంత శక్తిమంతమైనదని అర్థం. అనెథోల్, సాఫ్రోల్‌లలో ఫినాల్ హైడ్రాక్సిల్ లేదు. కాబట్టి ఎక్కువ తైలం ఇచ్చే రకమే ఎక్కువ గుణం చూపుతుందని భావించలేం.

పరిమితులు

పరీక్షనాళికలో కనిపించిన గుణం మానవ శరీరంలో ఔషధంగా పనిచేస్తుందనడానికి రుజువు కాదు. సాఫ్రోల్‌ను మానవుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చేర్చింది. వక్కతో కూడిన తాంబూలం, పొగాకు లేకున్నా, క్యాన్సర్ కారకమేనని 2004లో ప్రచురించిన నివేదికలో తేల్చింది. ఆకు తైలానికి ఉన్న గుణాన్ని తాంబూల సేవనానికి సమర్థనగా చూపడం సరికాదు.

ప్రయోజనాలు

నోటి సువాసన ద్రవ్యాలు, పరిమళాలు, ఆహార పదార్థాల తయారీలో ఈ తైలానికి అవకాశాలున్నాయి. వాడిపోయే ఆకుతో పోలిస్తే సీసాలోని తైలం ఎక్కువ కాలం నిల్వ ఉంటుంది. అయితే దిగుబడి స్వల్పం కావడంతో, ఆకు చౌకగా లభించి, బట్టీ ఖర్చు తగ్గినప్పుడే ఈ పరిశ్రమ రైతుకు లాభసాటి అవుతుంది.