ఎడమ చేతికి తెలువని ముచ్చట

ఫోను పక్కకు వెట్టు బిడ్డా. నీ మీటింగు యాడికి పోదు, నా ముచ్చటే మర్చిపోతె మళ్ల రాదు.

శేరిలింగంపల్లంటే మీకు అద్దాల బిల్డింగులే. సైబర్ టవర్స్ లేచింది 1998ల, మా లెక్కల అది నిన్నగాక మొన్న. మా చిన్నప్పుడు ఇటు దిక్కు చెల్కలు, బండలు, నడుమ రైలు పట్టాలు. చేతిల ఆడేది నిజాం రూపాయి, హాలీ సిక్కా. ఏడు హాలీ రూపాయలిస్తె ఆరు కల్దార్లు, అంటె ఇండియా రూపాయలు. 1959 దాక గీ లెక్కల తోనే మా తలకాయలు తిరిగినయ్.

లెక్కలంటె యాదికొచ్చె. మా గల్లీల ఒక సాయిబు తాత ఉండె. రంజాన్ రాంగనే వాకిట్ల చాప ఏస్కొని జకాత్ లెక్క వేసెటోడు. యాభై రెండున్నర తులాల వెండి ఖరీదు సొమ్ము ఏడాది నిలిస్తె, నలభై రూపాయలకు ఒక రూపాయి బీదోళ్లకు పోవాలె. "ఇది దానం గాదు బేటా, వాళ్ల బాకీ. బాకీ దీర్చెటోడు మీసం మెలేస్తడా?" అనెటోడు.

గదే గల్లీల ఇంకొకాయన ఉండె, ఎంగిలి చేత్తోటి కాకిని తోలెటోడు గాదు. ఏడాది నిండె ముందు సొమ్మంత పెండ్లాం పేరు మీద వెట్టు, ఆమెకు ఏడాది నిండొచ్చేసరికి మళ్ల తన పేరు మీదికి దెచ్చుకొను. జకాత్ లేదు, పాడు లేదు. సాయిబు తాత నవ్వి, "దేవుడేమన్న గిర్దావరా, పహాణీల పేరు చూసి ఎనక్కి మళ్లనీకె?" అన్నడు.

పీనాసి అంటె జనం ఆఖరి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌నే చెప్తుండిరి. పాత షేర్వానీ, అగ్గువ సిగరెట్లు. గా మనిషే పుణేల భండార్కర్ సంస్థోళ్లు మహాభారతం అచ్చేస్తమంటె సొమ్మిచ్చిండు. ఆయన ఏలుబడిల జరిగిన కష్టాలు వేరే ముచ్చట, దానికి ఒక రాత్రి సాలదు. మన తాత కాడికే పోదాం.

పండుగ నమాజు కంటె ముందే ఫిత్రా దానం బీదోళ్లకు ముట్టాలె. ఇంట్ల తలకింత, ఉయ్యాలల పసిగుడ్డు పేరు మీద సుత, పావు తక్కువ రెండు సేర్ల గోధుమలు. కుడి చెయ్యి ఇచ్చింది ఎడమ చేతికి తెల్వద్దని వాళ్ల ప్రవక్త చెప్పిన మాటనట. అందుకే తాత చీకటి పడ్డంక బయలెల్లెటోడు, మూట మొయ్యనీకె నేను. మీరు ఇప్పుడు అన్నం వెట్టాలంటె ముందు ఫోటో, ఎన్క పప్పు. నవ్వకు, మొన్న నువ్వు వెట్టిన ఫోటో నేను చూడలేదనుకున్నవా?

దారిల తుమ్మ ముల్లు కనవడితె వంగి తీసి పారేసెటోడు. గది సుత సదకానే, దానమే అని ఆయన లెక్క. గల్లీ చివర ఒక ముసలామె ఉండె. పస్తులన్న ఉంటది గాని నోరిప్పి అడగది. అడగనిదే అమ్మైన వెట్టదంటరు గద, తాత అడగకముందే వెట్టెటోడు. అరుగు మీద మూట వెట్టి, గొళ్లెం ఒక్కసారి కొట్టి, నా చెయ్యి వట్టి గుంజుకపోతుండె. ఆమె "ఎవలది?" అంటె, గోడ చాటుకు ఊపిరి బిగవట్టి నిలవడ్తుంటిమి. దొంగలు సుత గంత భయపడరు.

ఒక ఏడు పండుగనాడు గా ముసలామె తాతనే ఆపి మొర వెట్టుకున్నది: "చూడు సాయిబూ, ఎవలో పుణ్యాత్ముడు గోధుమలు వెట్టిపోతున్నడు గాని, అన్నీ రాళ్లే. ఉన్న రెండు పండ్లు సుత పోయేటట్టున్నయ్." నాకు నవ్వాగలే. తాత మాత్రం తలకాయ ఊపి, "నిజమేనమ్మా, చెరిగి ఇయ్యాలె గద, ఏం మనిషో" అన్నడు.

మల్లొచ్చిన రంజాన్‌కు తాత తన పెండ్లాం, మా దాదీ ముంగట చాట వెట్టిండు. "వెట్టేది మనం, మాటలు వడేది మనమేనా?" అని ఆమె గునిసింది.

"చెరుగు, చెరుగు" అన్నడు తాత, "ఆమెకు ఉన్నయే రెండు పండ్లు."