పక్కటెముకల సందులోంచి

అన్నవరంలో సత్యదేవుని వ్రతానికి మగవాళ్లు చొక్కా విప్పి, ఉత్తరీయం వేసుకుని పీటల మీద కూర్చుంటారు. కిందటి కార్తీకంలో మా ముందు వరసలో ఉన్న ఒక పెద్దాయన ఉత్తరీయం జారింది. భుజం ఎముక వెనక మొదలై చంక కిందుగా రొమ్ము దాకా కొడవలిలా వంగిన మచ్చ. పక్కనే ఆయన అల్లుడు. అతనికీ ఛాతీ ఆపరేషనే అయిందట. పక్కటెముకల మీద మూడు చిన్న గాట్లు, చూపిస్తే తప్ప తెలియవు.

"నాకైతే ఎముకలు ఎడం చేశారండి. దగ్గొస్తే చాలు, ఏళ్ల తరబడి ప్రాణం పోయినట్టుండేది" అన్నారు పెద్దాయన, ప్రసాదం ఆకు విప్పుతూ.

కొడవలి మచ్చ పాతకాలానిది, చిన్న గాట్లు ఈ కాలానివి అనుకుంటాం. కానీ ఊపిరితిత్తిలో భాగాన్ని కోసి తీసే పెద్ద ఆపరేషన్లు వాడుకలోకొచ్చింది 1930లలో. చిన్న గాటు అంతకన్నా పాతది.

1910లో స్టాక్‌హోమ్ వైద్యుడు హన్స్ క్రిస్టియన్ జాకోబియస్, మూత్రాశయం లోపల చూసే గొట్టాన్ని ఛాతీలోకి దించి చూశాడు. ఆ గొట్టానికి కొసన చిన్న దీపం. అతన్ని ఆ పనికి దింపింది క్షయ. అప్పటికి దానికి మందు లేదు. జబ్బుపడ్డ ఊపిరితిత్తికి విశ్రాంతి ఇస్తే పుండు మానుతుందని, ఛాతీ గోడకీ ఊపిరితిత్తికీ మధ్య సూదితో గాలి ఎక్కించేవారు. గాలి నిండితే ఊపిరితిత్తి ముడుచుకునేది. అయితే చాలామందిలో జబ్బు వల్ల ఆ రెండు పొరలూ అక్కడక్కడ అతుక్కుపోయి ఉండేవి. అతుకున్న చోట ఊపిరితిత్తి ముడుచుకోదు. జాకోబియస్ ఒక కన్నంలోంచి చూస్తూ, రెండో కన్నంలోంచి ఎర్రగా కాలే తీగ పంపి ఆ అతుకుల్ని తెంచాడు.

మన దగ్గర మదనపల్లె పక్కన 1915లో క్షయ రోగుల శానిటోరియం తెరిచారు. డెన్మార్క్ నుంచి వచ్చిన ఫ్రిమోట్ మోలర్ దానికి పెద్ద డాక్టరు. ఆ ఊరి పేరు ఆరోగ్యవరం. రాజమండ్రి శానిటోరియం ఉన్న చోటు విశ్రాంతిపురం. ఆ రెండు పేర్లలోనే ఉంది అప్పటి వైద్యమంతా.

1943లో స్ట్రెప్టోమైసిన్ దొరికింది. ఆ తర్వాత మరికొన్ని మందులొచ్చాయి. ఇంట్లో ఉండి మందులు మింగినా శానిటోరియంలో ఉన్నంత బాగానే నయమవుతుందని 1959లో మద్రాసు పరిశోధన తేల్చింది. గాలి ఎక్కించడం ఆగిపోయింది. అతుకులు తెంచే గొట్టానికీ పని తగ్గిపోయింది.

1980లలో గొట్టానికి వీడియో కెమెరా తగిలించాక మళ్లీ రోజులొచ్చాయి. ముందు పిత్తాశయం, తర్వాత ఛాతీ. 1991లో మిలాన్‌లో రొవియారో అనే సర్జన్ కెమెరా సాయంతో ఊపిరితిత్తి తమ్మెను తీశాడు. పొట్టలోనైతే గ్యాసు నింపితే గానీ చోటు దొరకదు. ఛాతీని పక్కటెముకలే గుడారంలా నిలబెడతాయి. శ్వాసనాళంలోకి రెండు దారులున్న గొట్టం వేసి ఒక ఊపిరితిత్తితోనే శ్వాస నడిపిస్తూ రెండోదాన్ని ముడుచుకోనిస్తారు. వందేళ్ల కిందట సూదితో చేసింది ఇప్పుడు మత్తు డాక్టరు చేస్తున్నారు. 2010లో స్పెయిన్ సర్జన్ గొంజాలెజ్ రివాస్ ఒకే గాటుతో తమ్మె తీసి చూపించాడు.

అమెరికాలో డావించీ సర్జరీ రోబోకి అనుమతి వచ్చింది 2000లో. రోబో అనగానే యంత్రమే కోస్తుందేమోనని జనం భయపడతారు. అది తనంతట తాను ఏదీ చెయ్యదు. సర్జన్ కాస్త దూరంలో కూర్చుని తెరలో లోతు చూస్తూ వేళ్లు కదిపితే, లోపలి పరికరం మణికట్టులా తిరుగుతుంది. చేతి వణుకు అక్కడి దాకా రాదు. రొమ్ము ఎముక వెనక, గుండెకి ఆనుకుని ఉండే థైమస్ గ్రంథిని తీయడం లాంటి ఇరుకు పనుల్లో అది నిజంగా మేలు. హైదరాబాద్ నిమ్స్‌కి 2023లో రోబో వచ్చినప్పుడు నాకు సంతోషం కలిగింది, ప్రభుత్వ ఆసుపత్రి గనుక.

కానీ మన జిల్లాల్లో ఛాతీ సర్జన్లకి రోబో అక్కర్లేని పనే చాలా ఉంది. క్షయ వల్లనో న్యుమోనియా వల్లనో ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరి, చీముపట్టి, పొర అట్టకడుతుంది. అల్లుడికి జరిగింది అదే. కెమెరాలో చూస్తూ డాక్టరు సాలెగూడు లాంటి అతుకుల్ని ఒక్కొక్కటే విడదీశారట. జాకోబియస్ చేసినట్టే, కాకపోతే ఊపిరితిత్తి ముడుచుకోవడానికి కాదు, విచ్చుకోవడానికి. చీము పలచగా ఉండగా వస్తేనే చిన్న గాట్లతో సాధారణంగా పని అవుతుంది. పొర గట్టిపడ్డాక పెద్ద కోత తప్పకపోవచ్చు.

పెద్దాయనకీ అప్పట్లో చీమేనట. జ్వరమే కదా, తగ్గుతుందని నాలుగు నెలలు ఇంట్లోనే ఉన్నారట. అల్లుణ్ని మాత్రం మూడో వారానికే కాకినాడ బస్సెక్కించారు.