మంచె, వడిసెల, తుపాకి

ఇంగ్లండు దేశమున మంచు కురిసి పొలములు తెల్లబారిన దినములలో అడవిపావురములు గుంపులుగా ఆకుపైరులమీద వ్రాలును. తక్కిన మేత మంచుక్రింద పడుటచే వానికి అప్పుడు దొరకునవి ఆ ఆకులే. రైతు తుపాకి పట్టి పొంచియుండును. పంటరక్షణకై చేయు ఆ వేటను అచ్చటి శాసనము కొన్ని నియమములతో నేటికిని సమ్మతించుచున్నది. మన చోడవరము ప్రాంతమున మంచన్నచో పుష్యమాసపు పొగమంచే. అయినను పిట్టకును పైరుకును గల వ్యాజ్యము ఇచ్చటను కలదు. ఆ వ్యాజ్యములోనికి తుపాకి ఎట్లు వచ్చెనో, ఎవరి చేతికి వచ్చెనో, ఎవరి చేతికి రాలేదో విచారింపదగియున్నది.

చేని కావలి మిక్కిలి పాతపని. కాళిదాసు రఘువంశము నాల్గవ సర్గమున శరత్కాలమును వర్ణించుచు, వరిచేను కాచు స్త్రీలను చెఱకు నీడను కూర్చుండబెట్టినాడు. చెఱకును వరియు ప్రక్కప్రక్కనే పండు మన ఊళ్లవారికి అది దూరదేశపు మాటగా తోపదు. హాలుని గాథాసప్తశతిలోను చేలు కాచు పడుచులు కలరు. కవులు వారిచే పాడించిరి, ప్రేమింపజేసిరి. ప్రొద్దుటినుండి మాపటివరకు అరచి వారి గొంతు బొంగురుపోయినదని చెప్పినవారు మాత్రము నాకు కనబడలేదు.

ఆ కష్టము ఎట్టిదో చేను చూచినవారికి తెలియును. గువ్వలు విత్తనము చల్లిననాడే వచ్చి ఏరుకొనును. గంటి, చోడి, జొన్న కంకులు పాలుపోసుకొను వేళకు పిచ్చుకలును, గిజిగాండ్రును, చిలుకలును దిగును. చిలుక తినునది కొంచెము, కొరికి పారవైచునది అధికము. కావలివాడు తెల్లవారకమునుపే మంచె ఎక్కవలెను, ఎండ ముదిరినపుడు కొంత తెరపి, మరల సాయంకాలము వరకు అదే పని. అతని ఆయుధములు వడిసెల, పగిలిన డబ్బా, గొంతు. దిష్టిబొమ్మకు పిట్టలు మొదట బెదరును గాని, అది కదలదని ఎరిగిన పిమ్మట దాని తలమీదనే వ్రాలును.

ఇక తుపాకి. 1878లో లిట్టన్ ప్రభువు రాజప్రతినిధిగా నున్నపుడు ఆయుధముల చట్టము పుట్టెను. తుపాకి ఉంచుకొనుటకు లైసెన్సు కావలసివచ్చెను. ఆ చట్టము కత్తిని, బల్లెమును, తుదకు విల్లునంబును గూడ ఆయుధములలో లెక్కించెను; వడిసెల పేరు మాత్రము ఆ పట్టికలో లేదు! దొరలకు ఆ నిర్బంధమునుండి మినహాయింపు లభించెను. వినోదమునకై పిట్టను కొట్టువానికి తుపాకి సులభమై, పంటకై కొట్టవలసినవానికి దుర్లభమాయెను. 1922 ఆగష్టు 22వ తేదీన అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసుఠాణాపై బడి తుపాకులను గొనిపోయెను. మన్యమువారికి తుపాకి కావలెనన్నచో దొరకుచోటు ఠాణాయే అయ్యెను. 1930లో గాంధీమహాత్ముడు ఇర్విన్ ప్రభువు ముందుంచిన పదునొకండు కోరికలలో ఆత్మరక్షణకై తుపాకి లైసెన్సులొసగుట ఒకటి.

పిట్టలపక్షమున వచ్చిన చట్టములు వేరు. 1912 నాటి చట్టము పావురములు మొదలగువానికి వేటాడరాని కాలమును నిర్ణయించు అధికారమును ప్రభుత్వములకిచ్చెను. అయితే ఆస్తిరక్షణకై నిజముగా చంపినచో దోషము లేదనియు అందే చెప్పెను. ఇది న్యాయమైన మాటయే. కాని లైసెన్సు లేని రైతునకు ఆ మాట కాగితముపైననే మిగిలెను. స్వరాజ్యము వచ్చిన తరువాత 1959 చట్టము పంటరక్షణకై మందు కూరు తుపాకికి లైసెన్సు నీయవచ్చునని స్పష్టపరచెను. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చి, నిలిచియున్న పైరుకు హాని చేయు జంతువును సైతము కొన్ని తరగతులలో అధికారి యనుమతితోనే చంపవలెనన్నది. దీనిని నేను తప్పుపట్టను. చేనిపిట్టలలో పెక్కు తమ పిల్లలకు పురుగులనే మేపును. చీనావారు 1958లో పిచ్చుకలను పగబట్టి చంపి, పురుగుపోటుచే పశ్చాత్తాపపడి, 1960లో ఆ పని మానుకొనిరి.

అయితే ఈ చట్టములన్నియు తుపాకిని లెక్కించినవి, పిట్టను లెక్కించినవి. మంచెమీది కావలివానిని లెక్కింపలేదు. వాడు పెక్కుచోట్ల పది పండ్రెండేండ్ల బాలుడు. పెద్దలు కూలికి పోవుదురు గనుక చేను వానికి అప్పగింపబడును. 2009లో నిర్బంధవిద్యాహక్కు చట్టము వచ్చినను, కంకులు పాలుపోసుకొను వారములలో నా హాజరుపట్టీలో కొన్ని గడులు ఖాళీగనే యుండును. తండ్రిని మందలించినచో, "బాబూ, బడికి పంపితే గింజ మిగలదు గదా" యనును. వానికి నేను చెప్పగల సమాధానము చట్టమున లేదు.

ఊరిలో కలదేమో యని తోచుచున్నది. నీ చేని పిట్టను నీవు తోలినచో అది ప్రక్కచేను చేరును. వాడు తోలినచో మరల నీ చేనికే వచ్చును. తుపాకి ప్రేల్చినను ఇంతే. పిట్టకు గట్లు లేవు గనుక గట్లవారీ కావలి సగము వ్యర్థము. పూర్వము ఊరి పనివారికి కళ్ళములో మేర కొలిచెడు ఆచారముండెను. ఆ విధముననే చేలవారందరు కలిసి, ఎదిగిన కూలివారిని నలుగురను నెలరోజులకు కుదిర్చి, కళ్ళమువద్ద ఎకరమునకింత యని కొలిచినచో బాలురను మంచె దింపవచ్చును. 2022లో అనకాపల్లి జిల్లాలో చేరిన మన తాలూకాకు ఉమ్మడిపని కొత్తది కాదు. గోవాడలో రైతులు కలిసియే సహకార చక్కెర కర్మాగారమును నిలిపిరి. ఈ మాట నేను మొన్న రచ్చబండవద్ద ఎత్తగా ఒక పెద్దరైతు, "నా చేను చిన్నపిల్లలు కాయరు, నేనెందుకు కొలవాలి?" అనెను. ఆయన చేనికి నాలుగువైపుల నున్నవి చిన్నకమతములే. వానిని కాచెడు బాలురే ఆయన పిట్టలను గూడ తోలుచున్నారు.